గంప కింద కొత్త పెట్ట

ఆడదానికి ఆడదే శత్రువన్న మాటకి ఇప్పుడు సైన్సు కూడా తోడొచ్చింది. ఆమధ్య ఒక సదస్సులో అత్తాకోడళ్ల కథల మీద నేను పత్రం చదివాక ఒక పెద్దాయన లేచి, "కోళ్లని చూడమ్మా. కొత్త పెట్ట వస్తే పొడిచేది పాత పెట్టలే, పుంజు కాదు. ఇందులో పితృస్వామ్యం ఎక్కడుంది?" అన్నారు. సభంతా నవ్వింది. కోళ్లున్న ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ముందు ఆ కోళ్ల సంగతే మాట్లాడతాను.

పొడవడం నిజమే. నార్వేకి చెందిన థోర్లీఫ్ షెల్డెరుప్-ఎబ్బె చిన్నప్పట్నుంచీ కోళ్లని గమనించి, 1922లో అచ్చయిన పరిశోధనలో ఈ వరసని వివరించాడు. ఏది దేన్ని పొడవచ్చు, తొట్టి దగ్గరికి ఏది ముందు రావాలి అనే లెక్క అది. 'పెక్కింగ్ ఆర్డర్' అనే మాట అక్కడిదే. అయితే పుంజులకీ వాటి వరస వాటికుంటుంది. ఆ సంగతి పెద్దాయన ఎత్తలేదు. సంక్రాంతికి పుంజు కాలికి కత్తి కట్టి పుంజు మీదికే వదిలే మన జిల్లాల్లో, మగవాడికి మగవాడే శత్రువన్న సామెత ఎందుకు పుట్టలేదో!

సంతలో కొన్న పెట్టని మా అమ్మ ఏనాడూ తిన్నగా మందలోకి వదల్లేదు. ముందు రెండు మూడు వారాలు దూరంగా, పశువుల కొట్టం అవతల ఉంచుతుంది. కొక్కెర తెగులుందేమోనని భయం. తర్వాత పెరట్లో గంప కింద కమ్ముతుంది. గంప సందుల్లోంచి పాతవాటికి అది కనిపిస్తుంది, దానికీ అవి కనిపిస్తాయి. గంప చుట్టూ నూకలు చల్లి, లోపల కూడా వేస్తుంది. వారం పోయాక ఒక రాత్రి, అన్నీ గూట్లో సర్దుకున్నాక, కొత్తదాన్ని తెచ్చి మధ్యలో పెడుతుంది. చీకట్లో కోడికి చూపానదు, పోట్లాట ఉండదు. తెల్లారి గింజలు ఒకచోట కాక నాలుగుచోట్ల చల్లుతుంది, నీళ్లు రెండుచోట్ల పెడుతుంది, దాక్కోడానికి తాటాకులు ఓ మూల ఆనిస్తుంది. అప్పటికీ పొడుస్తాయి. నెత్తురు కనిపిస్తే మాత్రం వెంటనే విడదీసి పసుపు అద్దుతుంది, ఎర్రగా కనబడితే అన్నీ అక్కడే పొడుస్తాయి కనక. అన్నిటికంటే ముఖ్యంగా, వీలైతే ఒక్కదాన్ని కొనదు. రెండు తెస్తుంది.

మరి మన పెళ్లిళ్లు? తనని ఎరిగినవాళ్లు ఒక్కరైనా లేని ఇంటికి ఒక్క పిల్లని పంపుతాం. అక్కడ గూడు మామగారిది, గింజలు కొడుకు జీతం, తొట్టి ఒక్కటే. ముప్పై ఏళ్లుగా ఆ తొట్టి దగ్గర నిలబడే చోటు కోసమే బతికిన అత్తని పక్కన పెట్టి, ఇద్దరూ కలబడితే, చూశారా ఆడబుద్ధి అంటాం. అత్త పెట్టే బాధ చిన్నదని నేననడం లేదు. కోడలి ఒంటి మీది వాతలు అబద్ధం కావు, వాటికి అత్త జవాబు చెప్పాల్సిందే. కానీ గూడు కట్టినవాడు అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటుంటే అతన్ని ఒక్క మాటా అడగరేం?

పొడుపుకి ఇంకో వైద్యం కూడా ఉంది. గుడ్ల ఉత్పత్తిలో దేశంలో ముందున్న రాష్ట్రం మనది. ఆ ఫారాల్లో ఒక ఏ4 కాగితమంత చోటైనా దక్కని పంజరాల్లో పెట్టల్ని కుక్కుతారు. అవి ఒకదాన్నొకటి పొడుచుకుంటాయని, పిల్లలుగా ఉన్నప్పుడే వేడి బ్లేడుతో ముక్కు కొనలు కోసేస్తారు. పంజరం అలాగే ఉంటుంది. సర్దుకుపోవాలని కోడలికి చెప్పే కౌన్సెలింగులు విన్నప్పుడల్లా నాకా బ్లేడు గుర్తొస్తుంది.

చదువుకున్నవాళ్లం మేమేం తక్కువ కాదు. నేను పనిచేసిన ఒక డిపార్టుమెంటులో పదకొండుమంది మగవాళ్లు, ఒక్క సీనియర్ మేడమ్. నేను చేరిన మొదటివారమే ముగ్గురు వేర్వేరుగా నా చెవిలో చెప్పారు, "ఆవిడతో జాగ్రత్త" అని. ఆవిడ చెవిలో నా గురించి ఏం చెప్పారో ఆర్నెల్ల తర్వాత క్యాంటీన్‌లో ఇద్దరం కూర్చుని సరిచూసుకున్నాం. మాటలు కూడా మార్చలేదు.