పచ్చ లైటు వెలుగుతూనే ఉంది, నీళ్ళు మాత్రం రావట్లేదు

ముందే చెప్పేస్తున్నా, ఇది పిల్లుల మీద ముద్దొచ్చి రాస్తున్నది కాదు. కోపమొచ్చి రాస్తున్నది. ఆ కోపం ఒక ప్లాస్టిక్ డబ్బా మీద, దాన్ని అమ్మినవాడి మీద, దాని లోపల ప్రోగ్రాము రాసిన నాబోటి ఇంజనీరు మీద, అన్నిటికన్నా ఎక్కువగా నా మీద.

మా ఇంట్లో రెండు పిల్లులున్నాయి. ఆడది చిట్టి, మగది గుండు. ఉండేది మియాపూర్‌లో అపార్టుమెంటు, బోరు నీళ్ళు, ఎండాకాలం వస్తే ట్యాంకరు. పోయినేడు గుండుగాడికి మూత్రం సమస్య వచ్చింది. గంటకి నాలుగుసార్లు ట్రేలోకి వెళ్ళటం, కూర్చోవటం, రెండు చుక్కలు పోసి బయటకి రావటం. డాక్టరు గారు పొట్ట నొక్కి చూసి "పూర్తిగా అడ్డుపడలేదు, నయం. మగపిల్లికి మూత్రనాళం బాగా సన్నం. అది మూసుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదకొస్తుంది. వీడి ఒంట్లోకి నీళ్ళు ఎక్కువ వెళ్ళేట్టు చూడండి" అన్నారు.

మామూలు మనిషైతే ఇంటికెళ్ళి ఇంకో రెండు గిన్నెల్లో నీళ్ళు పెడతాడు. నేను ఇంజనీర్ని కదా! రాత్రి పదకొండింటికి మంచం మీద పడుకుని "స్మార్ట్ ఫౌంటెన్" ఒకటి ఆర్డరిచ్చా. నాలుగు వేలు. రెండున్నర లీటర్ల తొట్టి, పైన పువ్వులాంటి పళ్ళెం, లోపల పంపు, ఫిల్టరు, వైఫై, ఫోన్లో యాప్. అంతా బావుంటే పచ్చ లైటు, బాలేకపోతే ఎర్ర లైటు.

అప్పుడు అమ్మ ఇక్కడే ఉంది. డబ్బా విప్పుతుంటే "ఎంతరా ఇది?" అంది. చెప్పా. "ఇంతోటి దానికి నాలుగు వేలా? ఓ మట్టి మూకుట్లో నీళ్ళు పొయ్యి, చల్లగా ఉంటాయి, అదే తాగుతుంది" అంది. "నీకు తెలీదులే అమ్మా, పిల్లులు పారే నీళ్ళే తాగుతాయి" అన్నా. ఈ సంగతి నాకెవరు చెప్పారంటారా? డబ్బా మీద రాసుంది.

తరవాతెప్పుడో, అంటే కొన్నాక, వెతికి చదివా. 2010లో ఒక పశువైద్య పత్రికలో తొమ్మిది పిల్లుల మీద చేసిన పరీక్ష గురించి వచ్చింది. ఫౌంటెన్ పెడితే కాస్త ఎక్కువ తాగాయి, నిజమే, కానీ మూత్రం చెప్పుకోదగ్గంత పల్చబడలేదు. కొన్ని పిల్లులకి పారే నీళ్ళు ఇష్టం, కొన్నిటికి అక్కర్లేదు, అంతే. మా చిట్టి ఆ ఫౌంటెన్ ముందు కూర్చుని కాలితో నీళ్ళని కొట్టి ఆడుకునేది, దాహమేస్తే మాత్రం బాత్రూములో బకెట్ దగ్గరకి వెళ్ళేది. ఇంకో సంగతి. మనం వేసే పొడి గింజల మేతలో నీళ్ళు పది శాతం అటూఇటూగా ఉంటాయి, తడి మేతలో అయితే డెబ్భై అయిదు శాతం పైనే. మేత మార్చితే చాలు, పిల్లి ఒంట్లోకి వెళ్ళే నీళ్ళలో పెద్ద తేడా వస్తుంది. కానీ దానికి యాప్ ఉండదు, గ్రాఫూ ఉండదు. అందుకే మనలాంటివాళ్ళకి ఆనదు.

మూడు నెలలు బానే నడిచింది. మాన్యువల్లో "మొదట్లో మిగతా గిన్నెలు తీసెయ్యండి, అప్పుడే అలవాటు పడుతుంది" అని రాసుంటే తీసేశా. మళ్ళీ పెట్టలేదు. ఇది నా తప్పు, ఒప్పుకుంటున్నా.

ఆ వారాంతం మాకు రిలీజు. శుక్రవారం, శనివారం ఇంటికి అర్ధరాత్రి రావటం, మేత పడేసి పడుకోవటం, పొద్దున్నే పరుగు. అమ్మ అప్పటికే ఊరెళ్ళిపోయింది. మధ్యమధ్యలో యాప్ చూసుకుంటూనే ఉన్నా. పచ్చ లైటు. "నీరు సరిపడా ఉంది, పంపు పనిచేస్తోంది." ఆదివారం తెల్లవారుజామున గుండుగాడు ట్రేలో కూర్చుని అరిచిన అరుపు నేనింతకు ముందెప్పుడూ వినలేదు. వెళ్ళి చూస్తే ఫౌంటెన్ పైపళ్ళెం ఎండిపోయి ఉంది. కింద తొట్టిలో మాత్రం రెండు లీటర్ల నీళ్ళు, మూత కింద, పిల్లికి అందకుండా. లైటు పచ్చగానే వెలుగుతోంది!

ఆటోలో పట్టుకెళ్ళా. ఈసారి పూర్తిగా అడ్డుపడింది. మత్తిచ్చి గొట్టం వేశారు, మూడు రోజులు అక్కడే ఉంచారు. బతికాడు. ఆ బిల్లుతో ఇలాంటి ఫౌంటెన్లు అయిదొచ్చేవి. డాక్టరు గారు నిజాయితీగానే చెప్పారు, "నీళ్ళు అందకపోవటం వల్లే ఇది వచ్చిందని గట్టిగా చెప్పలేం, దీనికి చాలా కారణాలుంటాయి" అని. సరే. కానీ వాడు ఎప్పట్నించి గొంతు తడుపుకోలేదో నాకు తెలీదు. తెలుసుకోటానికే కదా నాలుగు వేలు పోసింది?

వాడు ఆస్పత్రిలో ఉన్న రెండో రోజు రాత్రి ఆ పంపు విప్పా. అందులో బ్రహ్మవిద్యేమీ లేదు. అగ్గిపెట్టె అంత డబ్బా. ముందు మూత గోటితో లాగితే వస్తుంది. లోపల రెక్కలున్న చిన్న అయస్కాంతం, పట్టుకుని లాగితే అదీ వస్తుంది. తీగచుట్ట మొత్తం జిగురులో పోసి మూసేసి ఉంటుంది కాబట్టి దానికి నీళ్ళంటవు. అంటే పాడవటానికి ఏమీ లేదు, మురికి పట్టటమే. ఇరుసు చుట్టూ కండెకి దారం చుట్టినట్టు పిల్లి బొచ్చు, దాని మీద గీజరు కాయిలుకి పట్టే తెల్ల పెచ్చు. మా బోరు నీళ్ళ మహిమ.

కడిగి పెట్టాక ఓ ప్రయోగం చేశా. రెక్కల మధ్య పంటిపుల్ల దూర్చి తిరక్కుండా ఆపి, ప్లగ్ పెట్టా. పచ్చ లైటు. పది నిమిషాలు చూశా, పచ్చ లైటే. యాప్‌లో "పంపు పనిచేస్తోంది". విషయం ఏంటంటే, ఆ లైటు నీళ్ళు పారుతున్నాయని చెప్పట్లేదు. తొట్టిలో నీళ్ళున్నాయి, పంపుకి కరెంటు ఆన్ చేశాను అని మాత్రమే చెబుతోంది. యూఎస్‌బీ మీటరు పెట్టి చూస్తే, తిరుగుతున్నప్పుడూ ఆగినప్పుడూ పంపు లాగే కరెంటులో తేడా స్పష్టంగా కనపడుతోంది. నా దగ్గరున్న చవక మీటరుకి తెలిసిన సంగతి ఆ బోర్డుకి తెలీదు. ఎందుకంటే చూడమని ఎవరూ చెప్పలేదు.

ఫిల్టరు లైటు ఇంకా అన్యాయం. ముప్ఫై రోజులకోసారి "ఫిల్టరు మార్చండి" అని వస్తుంది. మురికిని కొలిచి కాదు, రోజులు లెక్కపెట్టి. కొత్త ఫిల్టరు పెట్టకుండా బటన్ నొక్కినా లైటు ఆరిపోతుంది, కావాలంటే మీరూ చూడండి. డబ్బులొచ్చే చోట హెచ్చరిక ఠంచనుగా వస్తుంది, ప్రాణం మీదకొచ్చే చోట రాదు. ఇది పొరపాటున జరిగిందంటే నేన్నమ్మను.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఆ అబ్బాయి పాపం మర్యాదగానే మాట్లాడాడు. "సార్, యాప్ తీసేసి మళ్ళీ ఇన్‌స్టాల్ చేశారా?" అన్నాడు. బొచ్చు చుట్టుకుందయ్యా అంటే "అయితే పంపు వారంటీలోకి రాదు సార్, కొత్త పంపు పంపించమంటారా?" అన్నాడు.

కొనేముందు రివ్యూలు చూడలేదా అని అడగొచ్చు. చూశా. అన్నీ డబ్బా విప్పిన రోజు రాసినవే. "చాలా బాగుంది, మా పిల్లికి నచ్చింది, అయిదు నక్షత్రాలు." మూడో నెలలో వచ్చి రాసేదెవరు?

ఇది నా ఒక్కడి గోల కాదు. 2020 ఫిబ్రవరిలో అమెరికాలో పెట్‌నెట్ అనే కంపెనీ సర్వర్లు పడిపోతే, వాళ్ళ స్మార్ట్ ఫీడర్లు కొన్నవాళ్ళు దాదాపు వారం రోజులు నానా అవస్థా పడ్డారు. మేత పెట్టే డబ్బాకి సర్వరెందుకు? ఈ ప్రశ్న డిజైన్ రివ్యూలో ఎవడో ఒకడు అడిగే ఉంటాడు. "తరవాత చూద్దాం" అని ఉంటారు. ఆ "తరవాత" ఎప్పుడొస్తుందో మనందరికీ తెలుసు.

ఇంత తిట్టాను కదా, పోయిన నెల నేను రాసిన హెల్త్ చెక్ ఏం చేస్తుందో తెలుసా? సర్వీసు ప్రాసెస్ బతికుంటే చాలు, ఆకుపచ్చ చూపిస్తుంది. అది పని చేస్తోందా లేదా అని చూడదు. గుండుగాడు ఇంటికొచ్చాక ఆఫీసుకెళ్ళి మొదట మార్చింది అదే. మేనేజరు "ఇప్పుడెందుకు, ఎవరూ అడగలేదుగా?" అన్నాడు. పిల్లి కథ చెప్పా, నవ్వాడు. నవ్వనీండి.

ఇప్పటికే కొనేసినవాళ్ళుంటే నా మాట వినండి. ప్లగ్ పీకి వారానికోసారి పంపు విప్పండి. ఆ అయస్కాంతం బయటకి తీసి ఇరుసు మీద బొచ్చు లాగెయ్యండి, గూట్లో ఇయర్ బడ్ తిప్పండి. తెల్ల పెచ్చుకి వెనిగర్‌లోనో, నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చటి నీళ్ళలోనో అరగంట నానబెడితే వదిలిపోతుంది, తరవాత వాసన పోయేదాకా కడగండి. తొట్టి గోడల మీద వేలితో రాస్తే జారే జిగురు ఉంటుంది, అది ఏ ఫిల్టరుతోనూ పోదు, బ్రష్షుతో తోమాల్సిందే. పంపు రొద చేస్తూ నీళ్ళు రాకపోతే గాలి పట్టిందని అర్థం, నీళ్ళలోనే అటూఇటూ వంచితే బుడగలు పోయి అందుకుంటుంది. కొత్త ఫిల్టరు నానబెట్టి కడక్కుండా పెడితే బొగ్గుపొడి పోయి పంపులో కూర్చుంటుంది. అన్నిటికన్నా ముందు, పక్కన రెండు మామూలు గిన్నెలు పెట్టండి. మగపిల్లి ట్రేలో ఊరికే కూర్చుంటుంటే మాత్రం యాప్ చూడకండి, ఆస్పత్రికి పరిగెత్తండి.

మొన్న అమ్మ ఊర్నించి వస్తూ రెండు మట్టి మూకుళ్ళు తెచ్చింది. నన్ను ఒక్క మాటా అనలేదు, అదే ఎక్కువ బాధ. గుండుగాడు ఇప్పుడు తడి మేత తింటున్నాడు, మూకుట్లోనూ తాగుతున్నాడు, ఫౌంటెన్లోనూ తాగుతున్నాడు. ఫౌంటెన్ పారెయ్యలేదు, యాప్ తీసేశా, పచ్చ లైటు మీద నల్ల టేపు వేశా.

ఇవాళ ఆదివారం, పంపు కడిగే రోజు. ఉంటా మరి. ఇది చదివేవాళ్ళలో ఇలాంటి డబ్బాలకి ఫర్మ్‌వేర్ రాసేవాళ్ళెవరైనా ఉంటే, ఆ పచ్చ లైటుకి ఏం కండిషన్ రాశారో కాస్త చెబుతారా?