టీకా వేయించుకుంటే విశ్వాసం తగ్గుతుందా?

యూదా రాజైన హిజ్కియా మరణకరమైన జబ్బుతో మంచం పట్టి, కన్నీళ్లతో ప్రార్థించాడు. దేవుడు ఆలకించి ఆయన ఆయుష్షును 15 ఏళ్లు పొడిగించాడు. అంత గొప్ప వాగ్దానం దొరికాక ఇక మందుతో పనేమిటి? అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థనకు, వైద్యానికి మధ్య తగవు ఉందని ఆ ప్రవక్తకు తోచలేదు. మనలో కొందరికి తోచింది.

2021 జనవరి 16న విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో ఒక పారిశుద్ధ్య కార్మికురాలితో మన రాష్ట్రంలో కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. మార్చి 1 నుంచి 60 ఏళ్లు దాటిన వారి వంతు వచ్చింది. ప్రకటన గ్రంథంలోని మృగపు ముద్ర ఇదేనంటూ వాట్సాప్ సందేశాలు మన విశ్వాసుల ఫోన్లలోనూ తిరిగాయి. విశ్వాసం ఉన్నవారికి సూదెందుకని ప్రసంగించిన వారూ ఉన్నారు. వారు తమ బీపీ మాత్రలు మానుకున్నట్టు మాత్రం మనం వినలేదు! ఆ మాటలకు జంకిన వృద్ధులలో చాలామంది జబ్బ మీద చిన్ననాటి మశూచి టీకా మచ్చ ఇంకా గుండ్రంగా కనిపిస్తూనే ఉంది. ఆ టీకా పుణ్యమా అని 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు.

వయసు మళ్లేకొద్దీ శరీరానికి రోగాన్ని ఎదిరించే శక్తి తగ్గుతుంది. షుగరు, గుండెజబ్బు తోడైతే మరీ ప్రమాదం. టీకా వేసుకున్నా కోవిడ్ రావచ్చు. కానీ అది ఊపిరితిత్తుల్ని దెబ్బతీసి ప్రాణం మీదికి తెచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. ఒక డోసు 96.6 శాతం, రెండు డోసులు 97.5 శాతం మేరకు మరణం నుంచి కాపాడుతున్నట్టు 2021 సెప్టెంబరులో భారత వైద్య పరిశోధన మండలి ప్రకటించింది. కొందరికి జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చాయి. బహు అరుదుగా రక్తం గడ్డకట్టే ఇబ్బందీ కనబడింది. అది దాచాల్సిన సంగతి కాదు. అయినా పెద్దవారి విషయంలో మేలే ఎన్నో రెట్లు ఎక్కువ.

అయితే వృద్ధులు వెనకబడడానికి భయం ఒక్కటే కారణం కాదు. పిల్లలు హైదరాబాదులోనో గల్ఫ్‌లోనో ఉంటే, నాగాయలంకలోనో అవనిగడ్డలోనో ఒంటరిగా ఉన్న తల్లిని టీకా కేంద్రానికి ఎవరు తీసుకెళ్లాలి? కోవిన్‌లో పేరు ఎవరు నమోదు చేయాలి? ఇంటికి దగ్గర్లోనే వృద్ధులకు కేంద్రాలు పెట్టవచ్చని 2021 మేలో కేంద్రప్రభుత్వం చెప్పింది. అందుకోసం మన చర్చి హాళ్లు ఎన్ని తెరుచుకున్నాయో ఎవరి సంఘాన్ని వారే అడిగి చూసుకోవాలి. కపెర్నహూములో పక్షవాయువు రోగిని నలుగురు మోసుకొచ్చి, ఇంటి కప్పు విప్పి దించారు. ప్రభువు చూసింది ఆ మోసినవారి విశ్వాసాన్ని కూడా.

కోవిడ్ ఉధృతి తగ్గినా ఈ పని మిగిలే ఉంది. 60 దాటిన వారికి ఫ్లూ, న్యుమోనియా టీకాలు వేయించుకోమని డాక్టర్లు చెబుతారు. ఇవి ఖర్చుతో కూడినవి, వీటికి ఊరూరా ప్రచారమూ లేదు. పల్స్ పోలియో ఆదివారం నాడు ఆరాధన ముగిశాక మన పాస్టర్లు చుక్కల మందు సంగతి ప్రకటిస్తారు. మనవళ్లను ఎత్తుకుని ఆ కేంద్రానికి నడిచేది ఎక్కువగా ఈ తాతలు, అమ్మమ్మలే. వారి టీకాల కోసం కూడా ప్రకటనల్లో ఒక నిమిషం, సంఘ నిధిలో కొంత, మోటారు సైకిలున్న ఇద్దరు యౌవనస్థుల ఒక పూట కేటాయిస్తే చాలు.