ఫోన్ ఎవరి చేతిలో ఉండాలి?



స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళకు మొబైల్ యాప్‌లు వచ్చాయని మన గ్రూపులో పెడితే రెండు జవాబులు వచ్చాయి. "కీళ్పాక్ కేసు చేతికి ఫోన్ ఇస్తారా?" అని ఒకరు. "యాప్ ఉంటే ఇంక డాక్టరెందుకు?" అని ఇంకొకరు. రెండూ తప్పే.

అమెరికాలో ఫోకస్ అనే యాప్‌ను 33 మందికి నెల రోజులు ఇచ్చి చూశారు. 2014లో ఫలితం అచ్చయింది. రోజుకు మూడుసార్లు ఫోన్ పలకరిస్తుంది. మాత్రలు, నిద్ర, మనసు, నలుగురితో మెలగడం, చెవిలో వినిపించే గొంతులు, వీటిలో ఏది ఇబ్బందిగా ఉందో అడిగి, ఏం చేయాలో చెబుతుంది. సగానికి పైగా సార్లు ఫోన్ పిలవకుండానే వాళ్ళే తెరిచారు. చేతకాదని మనం తేల్చేసినవాళ్ళు చేసి చూపించారు. షుగర్ ఉన్నవాడు ఇంట్లో మిషన్ పెట్టుకుంటే జాగ్రత్తపరుడంటాం. ఈ జబ్బువాడు తన జబ్బు తానే గమనించుకుంటానంటే నవ్వుతామా?

అలాగని అది డాక్టరు కాదు. 33 మంది, ఒక్క నెల, అంతే. అది మాత్ర మానిపించే యాప్ కాదు, మాత్ర గుర్తుచేసే యాప్. వెనక వైద్యం, ఇంట్లో ఆదుకునే మనిషి లేకపోతే అది అలారం గడియారమే. మనకు చెన్నైలో 1984 నుంచి స్కార్ఫ్ ఉంది, శారదా మీనన్ గారు మొదలుపెట్టింది. ప్రభుత్వ టెలిమానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కరలేదు, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు.

మన ఇళ్ళకు ఇంకో చిక్కుంది. మాట్లాడేది తెలుగు, చదివేది తమిళం. నేనూ తమిళ బడిలో చదివినవాణ్ణే. తెలుగు అక్షరాల యాప్ మన పిల్లలు చదవలేరు. తమిళంలో చదవగలరు, కానీ భయం పుట్టిన రాత్రి మనసుకు తగిలేది అమ్మ మాటే. మనకు కావలసింది ఇంటి తెలుగులో వినిపించే యాప్. అది అడుగుతూ సంఘం ఒక తీర్మానం రాసి పంపలేదా? సన్మానాల శాలువలకు ఉన్న ఓపిక దీనికి లేదా?

సంబంధాలు చెడతాయని పిల్లవాణ్ణి వెనక గదిలో దాచేది మనమే. 2001 ఆగస్టు 6న ఏర్వాడిలో నిప్పంటుకుంటే 28 మంది పోయారు. గొలుసులు కట్టి ఉన్నందున పరుగెత్తలేకపోయారు. గొలుసు వేసింది అక్కడివాళ్ళు. తీసుకెళ్ళి వదిలింది ఇంటివాళ్ళు.

ఈ ఆదివారం 14416 మన నోటీసు బోర్డు మీదికి ఎక్కాలి. పెళ్ళి సంబంధాల కాగితం పక్కనే.