స్త్రీ కవిత్వమునకు వేఱు తూనికయా?

కవయిత్రుల గ్రంథములను గూర్చి ప్రసంగము వచ్చినప్పుడెల్ల మనలో ననేకులు కవిత్వమును విడిచి కవయిత్రి నడవడిని విచారణకు దెత్తురు. నేటికిని తీఱని యీ యలవాటు న్యాయమా యని చదువరుల నడుగుచున్నాము. ఇందులకు ముద్దుపళని చరిత్రమే తగిన సాక్ష్యము.

పదునెనిమిదవ శతాబ్దమున తంజావూరు నేలిన ప్రతాపసింహుని యాస్థానమున వెలసిన యీ విదుషి రాధికా సాంత్వనమను శృంగార ప్రబంధమును రచించెను. ఇళాదేవిని శ్రీకృష్ణునకు బెండ్లిచేసి, పిదప విరహము నోర్వలేని రాధ యలుకయు, దానిని దీర్ప గృష్ణుడు పడిన పాట్లును నిందలి కథ. కందుకూరి వీరేశలింగము పంతులుగారు కవయిత్రి పాండిత్యము నంగీకరించుచునే, స్త్రీ యిట్టివి వ్రాయదగునా యని నిందించిరి. ఆ మహనీయుడు స్త్రీవిద్యకు జేసిన సేవ మఱువరానిది. కాని యీ తీర్పును మే మంగీకరింపజాలము.

పూర్వ ముద్రణమున గొన్ని పద్యములు లోపించుట గాంచి, బెంగుళూరు నాగరత్నమ్మగారు వ్రాతప్రతిని సంపాదించి, గ్రంథమును సమగ్రముగా బరిష్కరించిరి. 1910లో వావిళ్లవారు దానిని ప్రకటించిరి. సిగ్గు స్త్రీలకే గాని పురుషులకు లేదా యని యామె వేసిన ప్రశ్నకు బండితులు సమాధానము చెప్పలేదు. దొరతనమువారు మాత్రము అశ్లీలమని పుస్తకమును నిషేధించిరి. 1947లో టంగుటూరి ప్రకాశము పంతులుగారు ఆ నిషేధమును దొలగించిరి. 1952లో గ్రంథము మరల నచ్చుపడెను.

పరప్రభుత్వము కత్తి దూసినమాట నిజము. ఆ కత్తిని నూఱిన సాన మాత్రము మన యింటిదే. శృంగారమే దోషమైనచో మన ప్రబంధకవులలో నెందఱు నిర్దోషులుగా బయటపడుదురు? ఒకే నేరమునకు ఒక ముద్దాయిని సత్కరించి, వేఱొక ముద్దాయిని శిక్షించుట ఏ ధర్మశాస్త్రమునకును సమ్మతము గాదు.

ఈ కావ్యమును బాలుర పాఠ్యపుస్తకము చేయుమని మేము కోరము. ఇష్టములేనివారు చదువకుందురు గాక. చదువగోరువారి చేతినుండి లాగుకొనుట తగదు. మన పఠన మందిరములు మనుచరిత్ర ప్రక్కనే రాధికా సాంత్వనమును, 1902లోనే ధనత్రయోదశి కథను వ్రాసిన భండారు అచ్చమాంబగారి రచనలను నుంచవలెను. ముందు చదువుడు, పిదప తీర్పు చెప్పుడు. వాదము వినకయే తీర్పు చెప్పు న్యాయాధిపతిని మన మెవ్వరము సహింపము గదా!