ఎవరు లేరో అడగలేదు

2011 మార్చి 10న హైదరాబాద్ ట్యాంక్‌బండ్‌పై తెలంగాణ ఉద్యమకారులు శ్రీశ్రీ కంచు విగ్రహం మీద పడ్డారని తెలిసి, కూర్మన్నపాలెంలో మేం టీవీల ముందు కూర్చుని తిట్టుకున్నాం. మా విశాఖ బిడ్డ, మహాప్రస్థానం రాసినవాడు, ఆయనతో ఎవరికేం తగువు అన్నాం. ఆ బాధ అబద్ధం కాదు. కానీ అందులో మా వంతు ఏమైనా ఉందా అని మాత్రం ఎవరం చూసుకోలేదు.

ట్యాంక్‌బండ్ మీద వరసగా ఉన్న ఆ విగ్రహాలు 1986లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పెట్టినవి. పాతికేళ్లు, హైదరాబాద్ వెళ్లినప్పుడల్లా ఆ వరస ముందు ఫొటోలు దిగాం. నన్నయ, అన్నమయ్య, గురజాడ, జాషువా, శ్రీశ్రీ. పోతన, మఖ్దూం కూడా ఉన్నారులే అని సరిపెట్టుకున్నాం. కొమురం భీం ఎందుకు లేడని మాలో ఎవరికీ అనిపించలేదు. తెలంగాణవాళ్లు అడుగుతుంటే వినపడింది. రాజకీయంలే అని పక్కన పెట్టేశాం. మనవాళ్లు నిండుగా ఉన్న వరస కదా, అడగాల్సిన అవసరమే కనిపించలేదు. పగలగొట్టడం న్యాయమని అనను. మా మౌనానికి అందులో వాటా లేదని మాత్రం అనలేను. తర్వాత కొమురం భీం విగ్రహమూ వచ్చింది. అదీ మేం అడిగితే వచ్చింది కాదు.

చరిత్రకెక్కని కూలీల సంగతేమిటని నిలదీసిన కవి శ్రీశ్రీ. ఆయన పక్కనే నిలబడి కూడా మాకా ప్రశ్న తట్టలేదంటే, ఆయన్ని మేం చదివింది పరీక్షలకీ, పాడుకున్నది ఊరేగింపులకీ అన్నమాట.

పోనీ ఇక్కడైనా అడిగామా? విశాఖ ఉక్కు ప్లాంటు కోసం జరిగిన ఉద్యమంలో 32 మంది ప్రాణాలిచ్చారని, ఆ ప్లాంటు ప్రైవేటీకరణకి వ్యతిరేకంగా 2021 ఫిబ్రవరిలో మొదలైన దీక్షా శిబిరంలో మైకు పట్టిన ప్రతివాళ్లం చెప్పాం. పేర్లు చెప్పమంటే రెండు మూడు దగ్గరే ఆగిపోతాం. ప్లాంటు కింద పోయిన ఊళ్ల పేర్లు మా పిల్లలకి అసలే తెలియవు.

మా వీధి చివర ఒక పెద్దాయన దగ్గర ఆర్ కార్డు ఉంది, భూమి పోయిన నిర్వాసితులకి ఇచ్చింది. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించి, రేషన్ కార్డుతో కలిపి ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నాడు. ఆ కార్డు పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ వయసు మీరినవాళ్లు ఇక్కడ చాలామంది. మీదే ఊరండీ అని ఆయన్ని నేనెప్పుడూ అడగలేదు. ఆయన పొలం పోయిన ప్లాంటులోనే మాలో చాలామందికి జీతాలు. అందుకే అడగలేదేమో.

ఏప్రిల్ 30 వస్తే శ్రీశ్రీకి దండ వేయడానికి బీచ్ రోడ్డుకి బయల్దేరతాం. ఆ పెద్దాయన్ని కూడా రమ్మనాలని ఇన్నేళ్లలో ఎవరికీ తోచలేదు, నాతో సహా.