గీతలకు జీతంలో కటింగ్ ఎందుకు? ముందు నీళ్లియ్యండి

గల్ఫ్‌లో బండ్లు కడిగి బతికే అన్నదమ్ములకు, ఇండ్లల్లో డ్రైవర్లుగా ఉన్నోళ్లకు ఈ పోస్టు. పోస్టు కొంచెం పెద్దగుంటది, ఓపికతో చదవండి. మన జీతం ముచ్చట ఇది.

ఎండలో నల్ల బండి బానెట్ మీద సాలెగూడు లెక్క సన్న గీతలు కనబడ్తయి కదా. అవి కనబడంగనే మనకు పిలుపొస్తది. "ఏం గుడ్డతో తుడిచినవ్?" అని అరుస్తరు. కొన్ని చోట్ల పాలిష్ ఖర్చు మన జీతంలో కటింగ్ పెడ్తున్నరు. మేం అనేది ఒక్కటే. ఆ గీతలు గీసేది గుడ్డ కింద నలిగే ఇసుక. నీళ్లియ్యకుండా తుడవమన్నోళ్లే ఆ ఖర్చు పెట్టుకోవాలె.

రంగు పైన క్లియర్ కోట్ అని అద్దం లాంటి పొర ఉంటది. మామూలుగా 40, 50 మైక్రాన్ల మందం, అంటే తలవెంట్రుక కన్నా పలుచన. ఎడారి దుమ్ములో ఉండే క్వార్ట్జ్ ఇసుక గాజునే గీస్తది, ఈ పొర దానికొక లెక్కా? రాత్రి మంచుకు దుమ్ము తడిసి, పొద్దున ఎండకు ఆరి అంటుకపోతది. దాన్ని పొడిగుడ్డతో రుద్దితే గరుకు కాగితంతో రుద్దినట్టే.

"గుండ్రంగా తిప్పి తుడిచినవ్, అందుకే గుండ్రం గీతలు" అని కూడా అంటరు. నిజానికి గీతలు అన్ని దిక్కులా ఉంటయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తయి కాబట్టి గుండ్రంగా కనబడ్తయి. మనం పక్కకు జరిగితే ఆ గుండ్రం కూడా మనతోనే జరుగుతది. ఈసారి అడిగినోళ్లకు చూపియ్యండి.

ఇగ మన పని మనం సక్కగ చెయ్యాలె. ముందు నీళ్లతో దుమ్ము వదిలించాలె, తర్వాతనే గుడ్డ తగలాలె. రెండు బకెట్లు పెట్టుకోండి, ఒకటి షాంపూకు, ఒకటి గుడ్డ జాడియ్యడానికి. పైనుంచి కిందికి కడగండి. చక్రాల గుడ్డ వేరే. కింద పడ్డ గుడ్డ మళ్లీ బండికి తగలొద్దు. కాలుతున్న బానెట్ మీద కడగొద్దు. నీళ్లు పోయనియ్యని పార్కింగుల్లో స్ప్రే బాగా కొట్టి, కొంచెంసేపు ఆగి, మైక్రోఫైబర్ గుడ్డతో నొక్కకుండా తియ్యండి, ప్రతిసారి గుడ్డ మడత మార్చండి. ఇది పలుచని దుమ్ముకే. ఇసుక గాలి వచ్చిన తెల్లారి నీళ్లు లేకుండా కుదరదని మొహం మీదనే చెప్పండి.

గీత పోతదా పోదా అని గోరుతో చూడండి. గోరు తట్టుకోకుంటే చాలావరకు పాలిష్‌తో పోతది. తట్టుకుంటే లోతుకు పోయినట్టు, అది పెయింటర్ పని, మనం మాటియ్యొద్దు. పాలిష్ అంటే ఆ పలుచని పొరనే ఇంకింత గీకడం, మాటిమాటికి చేస్తే బండికే నష్టం. మైనం పూస్తే గీతలు దాగుతయి అంతే, కొన్ని కడుగుళ్లకు మళ్లా బయటపడ్తయి.

ఇక్కడ నీళ్లు సముద్రం నుంచి ఉప్పు తీసి తెచ్చేవి, ఖరీదే, ఒప్పుకుంటం. ఒక్క రాత్రిలో అన్ని బండ్లు ఎట్ల తెమలాలె అని సూపర్‌వైజర్‌కూ టెన్షన్ ఉంటది, అదీ తెలుసు. కానీ రెండు బకెట్ల నీళ్లు, నాలుగు మంచి గుడ్డలు పాలిష్ కన్నా చవకనే కదా. చవకది మనకియ్యరు, ఖరీదుది మన మెడకు చుడ్తరు. ఇదెక్కడి లెక్క?

అందుకే కొత్త బండి అప్పజెప్పిన రోజే, ఓనర్‌కు చెప్పి, మనుషులు పడకుండా ఉన్న గీతల ఫొటో తీసి సూపర్‌వైజర్‌కు పంపండి. నీళ్లు, గుడ్డలు కావాలని వాట్సాప్‌లో రాసి అడగండి, నోటిమాట నిలబడదు. కటింగ్ కాగితం మీద అర్థం కాకుండా సంతకం పెట్టొద్దు, చదివేటోళ్లతో చదివించుకోండి.

పని నేర్చుకుందాం, పనికి కావాల్సినవి అడుగుదాం. మన రూములల్ల కొత్తగా దిగిన తమ్ముళ్లకు ఇది చదివి వినిపించండి.