తలుపు దగ్గర కూర్చున్న పెద్దాయన

ఈ నెల మగవారితో ఒక మాట. స్త్రీలు కూడా చదవండి. మగవారు ఇలాంటి సంగతి చెప్పుకుంటే మీతోనే చెప్పుకోవాలి, చాలామంది మీతోనూ చెప్పరు.

శ్రీ సిటీ పక్క ఊరిలోని మా సంఘంలో ఒక పెద్ద ఉన్నారు. ఎప్పుడూ ముందు కూర్చునేవారు, కొన్నాళ్లకు తలుపు దగ్గరికి మారారు. ప్రసంగం మధ్యలో రెండు సార్లు లేచి వెళ్లేవారు. నా ప్రసంగమే నచ్చడం లేదేమో అనుకున్నాను. ఒంటికి ఆగడం లేదని తర్వాత తెలిసింది. స్కానింగ్ తీయించుకోండి అంటే, "అది గర్భిణీలకు గదా అయ్యగారూ" అని నవ్వారు.

కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసే కొడుకు సెలవు పెట్టి తీసుకువెళ్లాడు. పొట్ట మీద స్కాన్ తీశారు. ప్రోస్టేట్ గ్రంథి కొంచెం పెరిగింది, ఈ వయసుకు మామూలే అన్నారు. ఆ ఆదివారం నేనే కృతజ్ఞతా ప్రార్థన చేశాను. రక్తపరీక్ష సంగతి అడగలేదు, అడగాలని నాకు తెలియదు. ఏడాదిన్నరకు నడుము నొప్పి మొదలైంది. వేలూరు సి.ఎం.సి.కి వెళ్లేసరికి క్యాన్సర్ వెన్నెముకకు పాకింది.

అక్కడ డాక్టరుగారు ఓపికగా చెప్పారు. ఆ గ్రంథి మూత్రాశయం కింద, మలాశయానికి ముందు ఉంటుంది, పెద్ద ఉసిరికాయంత. పొట్ట మీది స్కాన్ దాని సైజును, లోపల మిగిలిపోతున్న మూత్రాన్ని చూపిస్తుంది. క్యాన్సర్ లేదని మాత్రం చెప్పలేదు. గ్రంథి పెరిగినంత మాత్రాన క్యాన్సర్ కాదు, పెరగనంత మాత్రాన లేదనీ కాదు. పి.ఎస్.ఎ. అనే రక్తపరీక్ష, డాక్టరు వేలితో చూసే పరీక్ష అనుమానాన్ని చెబుతాయి. మామూలు వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నా పి.ఎస్.ఎ. పెరుగుతుంది.

అనుమానం ఉంటే, వీలున్న చోట ముందు ఎం.ఆర్.ఐ. తీస్తారు. తర్వాత వేలు లావు స్కాన్ గొట్టాన్ని మలద్వారం నుంచి పంపుతారు. పలుచని గోడకు అవతలే గ్రంథి, అందుకే బొమ్మ దగ్గరగా కనిపిస్తుంది. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు. 1960ల చివరలోనే జపానులో వాతనాబే అనే వైద్యుడు ఇలా బొమ్మలు తీశాడు. అయినా క్యాన్సర్ ఒకరిలో నల్లని మచ్చలా కనిపిస్తుంది, మరొకరిలో చుట్టూ ఉన్న కండలో కలిసిపోతుంది. కాబట్టి తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, బొమ్మ చూస్తూ సన్నని సూదితో పది పన్నెండు చోట్ల చిన్న ముక్కలు తీస్తారు. తేల్చేది ఆ ముక్కే, స్కాన్ సూదికి దారి చూపుతుంది. తర్వాత కొద్ది రోజులు మూత్రంలో కాస్త రక్తం పడవచ్చు. చలి జ్వరం వస్తే మాత్రం ఆ పూటే ఆసుపత్రికి పోవాలి.

పెద్దాయన సిగ్గుతో గోడవైపు తిరిగి పడుకున్నారు. కాసేపట్లో అయిపోయింది. "దీనికా ఇన్నాళ్లు దాచుకున్నాను" అన్నారు.

ఇప్పుడు మూడు నెలలకొక ఇంజెక్షన్ వేయించుకుంటున్నారు, నొప్పి తగ్గింది. తండ్రికి ఉంటే కొడుకులకు వచ్చే అవకాశం ఎక్కువ. పెద్దకొడుక్కి నలభై నాలుగు. వచ్చే వారాంతపు సెలవులో తిరుపతి స్విమ్స్‌కు వెళ్లి అడుగుతానన్నాడు. నేనూ అతనితో వెళుతున్నాను, నాకూ అదే వయసు.